ఇంకా మోత కావల్ల

“ఏందమ్మా కరుణా ఈ మోత? పాటా, గుండెల మీద రోకటి పోటా?”

ప్రసాదరావు సార్ అట్లా అనేసరికి క్లాసంతా పగలబడి నవ్వింది. కరుణ మొహం చిన్నది చేసుకుంది. చేసుకోదా మరి! పాట తనే రాసి, స్నేహితురాలు మాలతితో పాడించి, మదనపల్లె ఎండల్లో కెమెరా మోసుకుని తిరిగి మూడు నెలలు తీసిన వీడియో అది. చూసిన విద్యార్థులు కాగితాల మీద రాసిచ్చిన అభిప్రాయాలన్నీ ఒకటే మాట. డప్పు ఎక్కువైంది, తగ్గించండి.

కుప్పంలో జరిగే విద్యార్థుల పోటీకి కాలేజీ తరఫున ఒక్క వీడియోనే పోతుంది. అది తనదే కావాలని కరుణ పంతం.

“క్లాసుకు నచ్చలేదు. సరే, బయటివాళ్ళకు చూపించు. వాళ్ళు చెప్పినట్టు మార్చు. మార్చినాక వాళ్ళేమన్నారో సోమవారం నాకు వినిపించు. లేదంటే మీ క్లాసు బాలాజీ తీసిన వీడియో పంపిస్తా,” అని సార్ తేల్చేశాడు.

శనివారం పొద్దున్నే కరుణ కుప్పం బస్సెక్కింది. పుంగనూరు దాటేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. రామకుప్పం పక్కన పల్లెలో మేనత్త మేరమ్మ ఉంది. మేనకోడలు మొహం చూడగానే విషయం కనుక్కుని, చర్చిలో ఉండే పెద్ద స్పీకరు తెప్పించి, ఇంటి ముందర టీవీ పెట్టించింది. సాయంత్రానికి రాగిచేల నుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే కూర్చున్నారు. ముప్పై మందికి తక్కువ లేరు.

పాట అయిపోయింది. కరుణ పెన్నూ కాగితమూ తీసింది.

“అమ్మా, డప్పు...” అన్నాడు దొరస్వామి. పెద్ద రైతు, ఊళ్ళో ఆయన మాటకు ఎదురు లేదు.

“తెలుసు పెదనాయనా. తగ్గిస్తాను.”

“తగ్గిస్తావా? యాల తగ్గించేది? ఇంకా పెంచల్ల! అది కొడతా ఉంటే నా ఒళ్ళు జలదరించింది.”

కరుణ తన చెవులను తానే నమ్మలేదు.

“నడాన ఆ పిల్ల నిదానంగా పాడతాది సూడు, అది తీసేయ్ పాపా,” అంది సుభద్రమ్మ. “ఆడ పాట సచ్చిపోయినట్టు ఉండాది.”

“ఈల ఒకసారే ఏసినారే! నాలుగైదు తూర్లు రావల్ల,” అంది మునిలక్ష్మి.

“మళ్ళీ పెట్టమ్మా,” అంటూ గురుమూర్తి లేచి గబగబా చేల వైపు నడిచాడు. పాట మొదలైంది. ఆయన దూరంగా ఆఖరి గట్టు మీద నిలబడి, టవలు ఊపుతూ అరిచాడు. “ఈడికి కూడా బాగా ఇనపడతాండాది!”

అందరూ చప్పట్లు కొట్టారు. కరుణకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పట్నంలో చదువుకున్నవాళ్ళకు పట్టనిది ఈ మట్టి మనుషులకు పట్టిందే! సంగీతమంటే ఎంత ప్రాణం వీళ్ళకు!

ఆదివారం చర్చి నుంచి వస్తూనే లాప్‌టాప్ ముందు కూర్చుంది. మాలతి నిదానంగా పాడిన భాగం తీసేసింది. పాపం, మాలతి తిడుతుంది, తిట్టనీ. డప్పు రెండింతలు చేసింది. ఈలలు ఐదు పెట్టింది. నిజం చెప్పొద్దూ, పాటకు ప్రాణం లేచొచ్చింది. ఇంతకుముందు నడుస్తున్న పాట ఇప్పుడు ఎగిరి గంతులేస్తోంది. కరుణకే లేచి ఆడాలనిపించింది. పెన్‌డ్రైవులో ఎక్కించి దొరస్వామి చేతికిచ్చి, అత్తకు ముద్దు పెట్టి, సాయంత్రం బస్సుకే వెనక్కి వచ్చేసింది.

సోమవారం ప్రసాదరావు సార్ కొత్త వీడియో చూశాడు. బల్ల మీద వేళ్ళు తాళం వేయడం కరుణ కనిపెట్టింది. కానీ ఆయన అంత తొందరగా ఒప్పుకునే మనిషా?

“బాగానే ఉంది. వాళ్ళేమన్నారు?”

“ఇప్పుడే ఫోన్ చేస్తాను సార్.”

మేరమ్మ ఫోనెత్తి దొరస్వామికి ఇచ్చింది. కరుణ స్పీకరు ఆన్ చేసింది.

“సార్, పాప పాట బెమ్మాండం! ఊరంతా సంబరపడతా ఉండాది. మా పాప సల్లగుండల్ల. పొద్దున మునిలక్ష్మి దిష్టి తీస్తాను పిలవమనె!”

సార్ కనుబొమలు ముడిచాడు. “ఇదంతా మొహమాటం అమ్మా. మీ అత్త ఊరు, నిన్ను నొప్పించరు,” అని కరుణతో అని, ఫోను దగ్గరికి వంగాడు. “అయ్యా, అందరికీ నచ్చిందంటే నేను నమ్మను. నచ్చనివాళ్ళు ఒకరన్నా ఉంటే దాచకుండా చెప్పండి. అప్పుడే మీ మాట నిజమని నమ్మి, పోటీకి సంతకం పెడతాను.”

అవతల కాసేపు గుసగుసలు వినిపించాయి.

“అయితే దాసేదెందుకు సార్,” అన్నాడు దొరస్వామి. “నచ్చనోళ్ళు నలుగురుండారు. రాత్రి రాగిచేన్లోకొచ్చిన ఏనుగులు నాలుగూ, రెండో చరణం కూడా ఇనకుండా అడివిలోకి లగెత్తినాయి!”