చేప కన్ను

"ఇది నీ చెయ్యి కాదు" అన్నాడు డ్రాయింగు మాస్టారు నిబారణ్ బాబు.

బల్ల మీద పున్నమ్మ తెచ్చిన బొమ్మల కట్ట విప్పి ఉంది. గ్రీకు తలలు, గుడ్డ మడతలు, కూజాలు. ఏడాది పొడవునా ఆయన ఇంటికిచ్చి పంపిన నమూనాలను చూసి బొగ్గుతో దింపినవి. వాటి మధ్య నుంచి ఆయన ఒక కాగితం పైకి లాగాడు. అందులో చేప. నీడ లేదు, కొలత లేదు. ఒంటినిండా పొలుసులకు బదులు చిన్న చిన్న పడవలు.

అది కట్టలోకి ఎలా వచ్చిందో పున్నమ్మకు అర్థమైంది. పొద్దున కట్ట కట్టింది అమ్మ.

"మిగతావన్నీ ఒక చెయ్యి. ఇది ఇంకొకరిది" అని ఆయన పక్కనే కూర్చున్న ప్రిన్సిపాల్ వైపు తిరిగాడు.

ఇంకొకరి బొమ్మ తనదని పెట్టినవాళ్ళ పేరు కాలేజీ పట్టీలోంచి ఆ రోజే కొట్టేస్తారు. చైనా యుద్ధం జరిగిన ఏడు ఒకతను అలాగే వెళ్ళిపోయాడు.

ప్రిన్సిపాల్ ముసలాయన. ఇంట్లో ఇంకెవరైనా బొమ్మలు వేస్తారా అని మెల్లగా అడిగాడు. పున్నమ్మ తన తండ్రి కిదిర్‌పూర్ రేవులో కూలీ అనీ, తల్లి సింహాచలమ్మ ఓడలవాళ్ళకు పచ్చబొట్లు పొడుస్తుందనీ చెప్పింది.

"అయితే ఈ చేప మీ అమ్మదే" అన్నాడు నిబారణ్ బాబు.

"కాదు మాస్టర్‌మొశాయ్. మా అమ్మ సొంతంగా ఏదీ వెయ్యదు. ఎవరేది చూపిస్తే దాన్ని ఉన్నదున్నట్టు దింపుతుంది. లంగరు చూపిస్తే లంగరు, పెళ్ళాం ఫోటో చూపిస్తే పెళ్ళాం."

ముసలాయన నవ్వబోయి ఆగాడు. నిబారణ్ బాబు ముఖంలో మాత్రం కోపం కన్నా బాధే ఎక్కువ కనిపించింది. క్లాసులో తడబడే ఈ పిల్ల ఇంటి దగ్గర పట్టుదలగా కూర్చుని సాధిస్తుందని ఆయన నలుగురికీ చెప్పుకున్నాడు. రబ్బరు మరక ఒక్కటి కూడా లేని ఆ తలలను గోడకు తగిలించి, చూసి నేర్చుకోమన్నాడు.

పున్నమ్మకు ఈ ఆర్టు కాలేజీలో చేరిన కొత్తలో జరిగింది గుర్తొచ్చింది. ఒక సాయంత్రం ఇంట్లో చేప వేస్తే దానికి నీడ వచ్చింది, కొలత వచ్చింది. సింహాచలమ్మ దాన్ని చాలాసేపు చూసి, "ఇది ఎవులేసినారే?" అని అడిగింది. ఆ మాటకు పున్నమ్మకు అన్నం సహించలేదు.

"ఇక్కడే వెయ్యి, మా ఎదురుగా" అన్నాడు ప్రిన్సిపాల్.

కొత్త కాగితం పెట్టారు. ముందు కొలత గీతలు గియ్యమని నిబారణ్ బాబు అలవాటుగా అన్నాడు. పున్నమ్మ గియ్యలేదు. కాగితం మధ్యలో ఒక కన్ను పెట్టింది. ఆ కన్ను దగ్గర బయలుదేరిన గీత ఎక్కడా తెగకుండా మొప్పలు చుట్టి, తోక తిరిగి, కడుపు కింద నుంచి వచ్చి మళ్ళీ కన్నును చేరింది. ఈసారి పొలుసులు పడవలు కాలేదు. హౌరా వంతెన మీద జనం తలలయ్యాయి.

ముసలాయన రెండు చేపలనూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"అదే బొమ్మ కాదు. అదే చెయ్యి" అన్నాడు. తర్వాత నిబారణ్ బాబుతో, మీరు నేర్పిందంతా నేర్చుకుని కూడా తన సొంత చెయ్యి పోగొట్టుకోని విద్యార్థిని నేనింతవరకూ చూడలేదన్నాడు.

నిబారణ్ బాబు తలవంచుకుని కట్టను తన చేత్తోనే కట్టాడు. పైన కొత్త నమూనా పెట్టి, వచ్చే క్లాసుకు తెమ్మన్నాడు.

ట్రాము దిగి ఇల్లు చేరేసరికి సింహాచలమ్మ గుమ్మంలో సూదులు తుడుస్తోంది. పచ్చబొట్టు మసితో ఆమె వేళ్ళు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి.

"ఏటే, మొకం అలగుంది?"

పున్నమ్మ జరిగిందంతా చెప్పింది. తల్లి చేతిలో సూది ఆగింది.

"మరి నీ పేరు?"

"ఉంచారు."

"ఆ చేప బాగుందని నానే ఎట్టినానే" అంది సింహాచలమ్మ తప్పు చేసినదానిలా.

"తెలుసమ్మా."

సింహాచలమ్మ సూది పక్కన పెట్టి కట్ట వైపు చూసింది.

"ఇయాల ఏటిచ్చినారు?"

పున్నమ్మ నమూనా విప్పి గోడకు ఆనించింది. అచ్చు బొమ్మలో పాలరాతి ముఖం. దాని ఎదురుగా తెల్ల కాగితం పరిచి, పక్కకు జరిగింది.

సింహాచలమ్మ ఎప్పటిలాగే బొగ్గు అందుకుని గియ్యడం మొదలుపెట్టింది.