మధ్యాహ్నం అరగంట

అందరూ కళ్ళు మూసుకున్నారు. ఇస్త్రీపెట్టె బుస్సుమనే చప్పుడు మాత్రం ఆగలేదు.

పెద్దక్క ఒక కన్ను తెరిచి చూసింది. చివరి బల్ల దగ్గర కొత్తామె తలెత్తకుండా దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది.

"ప్రభువా! ఈ గదిలో కఠిన హృదయాలున్నాయి. వాటిని మెత్తబరచు తండ్రీ!" అని పెద్దక్క గొంతు పెంచింది.

"ఆమేన్" అన్నారు మిగతా ఆడవాళ్ళు, చివరి బల్ల వైపు ఓరగా చూస్తూ.

కొత్తామె కూడా మెల్లగా "ఆమేన్" అంది.

పెద్దక్కకి ఒళ్ళు మండింది.

అది ఆసుపత్రుల బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి పంపే లాండ్రీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే పని. ఆవిరికి మొహాలు ఉడికిపోతాయి, కాళ్ళు వాచిపోతాయి. ఇంటికెళ్తే అక్కడా చాకిరే. ఇస్త్రీ గదిలో ఉన్న ఆ నలుగురైదుగురు ఆడవాళ్ళకీ కాసేపు కూర్చునే వీలున్నది, భోజనాలయ్యాక ప్రార్థన చేసుకునే ఆ అరగంటలోనే.

దాన్ని మొదలుపెట్టింది పెద్దక్క. "ఇదే లేకపోతే ఎప్పుడో మంచాన పడేదాన్ని" అంటుంది ఆమె. అది నిజం కూడా.

కొన్నాళ్ళ క్రితం దానికే ఎసరు పెట్టాడు మేనేజరు.

"సాయంత్రం బండి వచ్చేసరికి దుప్పట్లు తయారవడం లేదు. రేపట్నుంచి ప్రార్థనా గీర్థనా ఏం లేవు" అన్నాడు.

ఆ రోజు పెద్దక్క అందరిచేతా ఉపవాసం పట్టించింది. మేనేజరు మనసు మార్చమని అందరూ గొల్లున ఏడ్చారు. మర్నాడు ఆయనే వచ్చి, "సరే, కూర్చోండి" అని ముక్తసరిగా చెప్పి వెళ్ళిపోయాడు. ఎందుకు ఒప్పుకున్నాడో చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు.

ఆదివారం చర్చిలో పెద్దక్క లేచి, ఇది దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెబితే అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ వారమే కొత్తామె పనిలో చేరింది. ఎవరితోనూ మాట్లాడదు. ఆమె అన్నం తినగా కూడా ఎవరూ చూడలేదు.

"ఏమ్మా, వచ్చి కూర్చో. దేవుడికి కాసేపు ఇస్తే అరిగిపోతావా?" అని పిలిచింది పెద్దక్క.

"మీరు కానివ్వండక్కా. నాకు పనుంది."

"మాకు లేదా పని?"

కొత్తామె నవ్వి ఇంకో దుప్పటి అందుకుంది.

"నంగనాచి!" అంది పక్క బల్ల దగ్గరున్న పెద్దక్క తోడికోడలు. "అంతా మేనేజరు మెప్పు కోసం. మనం కూర్చుంటే తను కష్టపడుతున్నట్టు కనబడాలి కదా!"

ఆ మాట పెద్దక్క మనసులో నాటుకుపోయింది. తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఆమె చప్పుడుకి ప్రార్థన సాగట్లేదు. ఇంకో గదికి మార్చండి."

మేనేజరు ఆమెను వింతగా చూశాడు. "నిజంగా మార్చమంటారా?"

"మార్చండి సార్. దేవుడు మిమ్మల్ని దీవిస్తాడు."

"సరే, మీ ఇష్టం."

కొత్తామెను మాసిన బట్టలు ఉతికే గదికి పంపారు. ఆమె వెళ్తూ, "వస్తానక్కా" అంది.

పెద్దక్క "ఊఁ" అంది, అటు తిరగకుండానే.

ఆ మధ్యాహ్నం గది నిశ్శబ్దంగా ఉంది. ప్రార్థన చక్కగా సాగింది. సాయంత్రం బండి వచ్చేసరికి మాత్రం దుప్పట్లు గుట్టగా మిగిలిపోయాయి. మర్నాడూ అంతే.

ఆ మరుసటి రోజు ప్రార్థన మధ్యలోనే మేనేజరు వచ్చాడు.

"లేవండమ్మా. ఇంక చాలు."

"అదేంటి సార్! మీరే కదా కూర్చోమన్నారు? ఇన్నాళ్ళూ పని ఆగిందా?"

"ఎలా ఆగుతుంది? మీరు కళ్ళు మూసుకోగానే మీ బల్లల మీద దుప్పట్లు కూడా తీసుకెళ్ళి ఆమే చేసేసేదిగా!"

తోడికోడలు నోరు తెరిచింది. నిజమే. కూర్చునేటప్పుడున్న గుట్ట లేచేసరికి తరిగిపోయి ఉండేది. ఉపవాసం తర్వాత చేతుల్లో బలం పెరిగిందనుకున్నారు అందరూ.

"మాకెందుకు చెప్పలేదు సార్?" అంది పెద్దక్క.

"చెప్పొద్దని బతిమాలింది. తెలిస్తే మీరు కూర్చోరట."

"పిలిపించండి సార్. కాళ్ళు పట్టుకుంటాను."

"ఎక్కణ్ణుంచి పిలిపించను? ఆ గదిలో బట్టలుతికే మందుల ఘాటు పడక నిన్ననే మానేసింది. ఎక్కడుంటుందో కూడా తెలీదు."

పెద్దక్క బల్ల పట్టుకుని నిలబడింది. ఎన్నేళ్ళ అలసటో ఒక్కసారిగా మీద పడినట్టయింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"దేవుడు మీ మనసు మార్చాడనుకున్నాం సార్" అంది చివరికి.

"నా మనసా?" మేనేజరు నిట్టూర్చాడు. "ఆమె పని అడగడానికొచ్చిన రోజు మీరు ఇక్కడ తిండి మానేసి ఏడుస్తున్నారు. నా గదిలోకి వినబడుతోంది. ఎందుకని ఆమె అడిగితే చెప్పాను. 'పాపం, బాగా అలిసిపోయినట్టున్నారు సార్, వాళ్ళని కూర్చోనివ్వండి, నా భోజనం వేళ కూడా కలుపుకుని ఆ పని నేను చేస్తాను' అంది. ఆ మాట మీదే మిమ్మల్ని కూర్చోనిచ్చాను."