చూసుకునేటోళ్లు

"సార్, దీన్ని చూసుకునేటోళ్లు ఎవ్వరు లేరు," అన్నది దీపిక.

ఒక్క కంప్యూటర్‌ల పది కంప్యూటర్లు నడిపే, ఎవరైనా కోడ్ తెరిచి మార్చుకోగల ఉచిత సాఫ్ట్‌వేర్ అది. కరీంనగర్‌ల వాళ్ల ఆఫీసంతా దాని మీదనే నడుస్తది. దాని బాగోగులు ఎట్లున్నయో చూడుమని పరశురాములు సార్ ఆమెకు చెప్పిండు.

"మనం చెప్పిన బగ్గు కూడ ఏడాది సంది అట్లనే ఉన్నది."

"గా బగ్గా? మన దగ్గరైతే నేను ఎప్పుడో సరిజేసిన," అన్నడు పక్కసీటు యెషయా, చాయ్ ఊదుకుంట.

"మరి ఆ సవరణ సాఫ్ట్‌వేర్ చేసినోళ్లకు పంపినవా అన్నా?"

"మన పని నడుస్తున్నది గదా అని ఊకున్న."

దీపిక కుర్చీ ఆయన దిక్కు తిప్పింది. "ఇగ పంపు."

పంపిండు. చాయ్ అయిపోకముందే వాళ్ల జవాబొచ్చింది, దీనికోసమే ఎదురుచూస్తున్నమని.

"అయితే చూసుకునేటోళ్లు ఉన్నట్టేనా?" అడిగిండు సార్.

"ఉన్నరు సార్," నవ్వింది దీపిక. "ఒకాయన గిక్కడనే కూసోని చాయ్ తాగుతుండు."