ఈగ వాలని చేపలు

"నా గంపలో ఒక్క ఈగని సూపించు బాబూ, గంపంతా ఊరికే ఇచ్చేత్తాను."

జంగ్లీఘాట్ బజారులో ఆదివారాలు మాత్రమే ఎండుచేపలమ్మే కామమ్మకి ఆ మాటంటే మహా గర్వం.

అది విని ఆగిన కొత్త మనిషి ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

పక్క గంపల మీద ఈగలు ముసురుతున్నాయి. కామమ్మ చేపల మీద మందుకైనా ఒక్కటి లేదు.

అతను వంగి వాసన చూశాడు.

"ఏటి కొట్టావు పిన్నీ?"

"ఇంట్లో ఈగలకీ బొద్దింకలకీ కొట్టే మందే. ఎండేసినప్పుడు కాస్త నీళ్ళలో కలిపి జల్లుతాను. కడుక్కుంటే పోద్ది."

"పోదు పిన్నీ. సేపలోకి దిగిపోద్ది. తిన్నోళ్ళకి ప్రమాదం. ఉప్పు బాగా పట్టించి, పైన సన్నటి తెర కప్పితే ఈగలు వాలవు."

కామమ్మకి చిర్రెత్తుకొచ్చింది.

"ఇంత వానల్లో నువ్వొచ్చి తోల్తావా ఈగల్ని? పురుగు పడితే ఎవడు కొంటాడు? కొంటే కొను, లేకపోతే దారియ్యి."

అతను చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. గొంతు తగ్గించాడు.

"గంపంతా ఇచ్చెయ్ పిన్నీ."

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఫెరార్గంజ్ నుంచి బస్సెక్కి వచ్చేవాడు. బజారు నిండకముందే, బేరమాడకుండా, గంపంతా సంచిలో పోయించుకునేవాడు.

ఒకసారి దోమతెర తెచ్చిచ్చాడు.

"సేపలకి కప్పు పిన్నీ."

అంత మంచి తెర చేపలకెందుకని కామమ్మ తన మంచానికి కట్టుకుంది. పై వారం కూడా గంప మీద ఈగ వాలలేదు. అతను సంచి తెరిచి పట్టుకున్నాడు.

మొగుణ్ణి సముద్రం మింగేశాక కామమ్మతో తీరిగ్గా మాట్లాడిన మనిషి లేడు. ఇతనొక్కడే సంచి మూతి కట్టి, పక్కన గొంతుక్కూర్చుని, "వారమంతా ఏటి వండుకున్నావు పిన్నీ?" అని అడిగేవాడు.

ఒక్కర్తీ ఏం వండుకుంటుంది? గంజీ పచ్చిమిరపకాయా. అయినా ఆ ప్రశ్న కోసం వారమంతా కూరల పేర్లు కల్పించుకుంటూ ఉండేది.

"మీ ఇంట్లో ఎంతమంది బాబూ, ఇన్ని సేపలు తింటారు?"

"శానామందే పిన్నీ," అని నవ్వేవాడు.

ఒక ఆదివారం అతను రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు.

వేరేవాళ్ళు బేరానికొస్తే, "అమ్ముడుపోయినాయి," అని కామమ్మ గంప మీద గోనె కప్పింది. మర్నాడు అదే గంపతో ఫెరార్గంజ్ బస్సెక్కింది. ఎండుచేపల సంచితో వచ్చే మనిషి ఎవరని అడిగితే, టీకొట్టు వాళ్ళు అతను అద్దెకుండే గది చూపించారు.

ఇంటావిడ కనకలక్ష్మి గంపని చూసి గుర్తుపట్టింది.

"చేపల దీదీ మీరేనా? భయ్యా చనిపోయారు. గుండెనొప్పి. ఎవరూ రాలేదు, మావాళ్ళే దహనం చేశారు."

కామమ్మ గంప దించి మెట్టు మీద కూర్చుంది.

"ఇంట్లో శానామంది ఉన్నారన్నాడే?"

"అకేలా ఆద్మీ దీదీ, ఒంటరి మనిషి. ఎవరున్నారు?"

"మరి నా సేపలు ఎవరు తిన్నారు?"

కనకలక్ష్మి పెరటి చివరకి చెయ్యి చూపింది. బావికి బాగా దూరంగా మట్టిదిబ్బలు, వాటి మీద బరువైన రాళ్ళు.

"అన్నీ అక్కడే పాతిపెట్టారు. కుక్కలూ పిల్లులూ తవ్వకుండా రాళ్ళు పెట్టేవారు. మందు చేపలట."

ముందు కామమ్మకి రోషమొచ్చింది. తన కష్టమంతా మట్టిలో కలిపాడు. ఆ తర్వాత, అవన్నీ ఎవరెవరి కంచాల్లోకి వెళ్ళి ఉండేవో తలచుకుంటే ఒళ్ళు జలదరించింది.

"అలాగైతే బజారులో నలుగురికీ సెప్పేయొచ్చు కదమ్మా. కొనడం దేనికి?"

"నేనూ అదే అడిగాను దీదీ. చెబితే రేపటినుంచి పిన్ని దగ్గర ఎవరూ కొనరు, పలకరించరు కూడా అన్నారు."

కనకలక్ష్మి వచ్చి మెట్టు మీద ఆమె పక్కన కూర్చుంది.

"డిగ్లీపూర్‌లో మందు చేపలమ్మిందని ఊరు ఊరంతా ముఖం తిప్పేసుకుంటే, పలకరించే దిక్కులేక చనిపోయిన దేముడమ్మ అనే ఆవిడ కొడుకే దీదీ, ఆ భయ్యా."