పోగు చెప్పని పని

అందరి చెవులకూ ధర్మపోగులొచ్చాక ఇళ్లల్లో గొడవలు తగ్గాయి. ఏది మంచో పోగు గుసగుసగా చెబుతుంది, మనుషులు అలాగే చేసేస్తారు.

ఆ రోజు కూతురి సీమంతంలో, గాజులు తొడగబోయిన తోడికోడలు ఇందుమతి చేతిని వకుళ అందరి ముందూ పక్కకు నెట్టేసింది, పిల్లల్లేనిది తొడిగితే అరిష్టమని.

సాయంత్రం వంటింట్లో ఇందుమతి ఒక్కతే పళ్లేలు సర్దుతుంటే వకుళ మెల్లగా పక్కన చేరింది.

"తప్పయిపోయింది ఇందూ, మనసులో పెట్టుకోకమ్మా."

"పోగు చెప్పమందా అక్కా?"

వకుళ తలొంచుకుని ఊఁ అంది.

"మరి పొద్దున నన్ను నెట్టెయ్యమన్నదీ అదేనా?"

వకుళ చెయ్యి చెవిపోగు మీదికి పోయింది. వద్దు, వద్దని పోగు అప్పుడు చెవిలో మొత్తుకుంటూనే ఉంది. ఇన్నేళ్లలో ఆవిడ తనంతట తాను చేసిన పని అదొక్కటే.