మడమ చీలిన బూట్లు

రాత్రి కురిసిన మంచు ఆగి, ఆ ఉదయం ఆకాశం బూడిదరంగులో కదలకుండా నిలిచింది. వేరే దేశం నుంచి మా ఊరికి కొత్తగా వచ్చిన టెస్ఫాయ్ ఇంటి కిటికీలు తెల్లారేసరికి పగిలి ఉన్నాయి. ఎవరి పనో తేలకపోతే రేపే భార్యతో వెళ్లిపోతానన్నాడు.

చీకటి పడ్డాక నేనూ మా పొరుగింటి ఒరెస్టూ టార్చి పట్టుకుని మంచులో అడుగుజాడలు చూశాం.

"బయటివాడి పనే అన్నా. మనవాళ్లకంత దమ్మెక్కడిది?" అని నవ్వాడు ఒరెస్ట్.

"వాగుడు ఆపి వెలుగు కిందికి పట్టరా."

జాడలన్నీ ఒక్క మనిషివే, ఎడమ మడమ చీలిన బూటువి. అయినా అవి వీధిలో ప్రతి ఇంటి మెట్ల దగ్గరా మొదలై ఆ కిటికీల దాకా వెళ్లాయి. ఏ ఇంటికీ తిరిగి రాలేదు. ఒరెస్ట్ మెట్ల దగ్గరా ఉన్నాయి, నా మెట్ల దగ్గరా ఉన్నాయి.

"ఎవరికీ చెప్పకు అన్నా," అన్నాడు ఒరెస్ట్.

చర్చి హాల్లో ఆ రాత్రి ఊరి విందు. ఎప్పటిలాగే అందరం గుమ్మం దగ్గర బూట్లు విప్పాం. వరుస చివర ఎడమ మడమ చీలిన జత ఒకటి ముందే ఉంది. లోపల అంత వేడిలోనూ దానిమీద మంచు కరగలేదు.

"ఇవెవరివండీ?" అని అడిగాడు టెస్ఫాయ్.

అందరం ఆ జతను దాటుకుంటూ బల్లల దగ్గరికి వెళ్లాం. అతనూ, అతని భార్యా మా మధ్యే కూర్చున్నారు. తలలు వంచుకుని అందరం తిన్నాం. పళ్లేలు ఖాళీ అయినా ఎవరూ ముందుగా లేవలేదు. లేస్తే బూట్లు తొడుక్కోవాలి, ఆ జత ఎవరి కాళ్లకైనా సరిపోతుందేమో.