రెండుసార్లు తడితే

సైన్యం వేసిన వేలంలో తాను కొన్న పాత జీపుకు శ్యామ్ రూలు ప్రకారం ఆకుపచ్చ రంగు తీయించి, నంబరూ గుర్తులూ చెరిపించాడు.

"మావేవీ బండి మీద మిగలకూడదు," అన్నాడు బండి అప్పగించిన రోజు హవల్దారు. "ఒంటరిగా రివర్స్ చెయ్యకండి. మాలో అయితే ఒకడు దిగి, వెనక నిలబడి బండి తట్టి చెప్తాడు. రెండుసార్లు తడితే ఆగాలి."

ఆ రాత్రి మణికొండలో అపార్ట్‌మెంట్ సెల్లార్లోకి జీపును వెనక్కి తీస్తుంటే వెనక రేకు మీద ఎవరో రెండుసార్లు తట్టారు. శ్యామ్ ఆపాడు. స్తంభం జానెడు దూరంలో ఉంది.

"మంచిగా చెప్పావు ఎల్లేశం!" అని వాచ్‌మన్‌ని మెచ్చుకున్నాడు.

"నేనేడ చెప్పిన సారూ? గిప్పుడే వస్తున్న," అంటూ ఎల్లేశం ఎదురుగా ర్యాంపు దిగి వచ్చాడు.

శ్యామ్ వెనక్కి చూడలేదు. బండిని సరిచేద్దామని ఫస్ట్ గేరు వేశాడు. వెనక స్ప్రింగులు ఒక మనిషి బరువుకు మెల్లగా కుంగాయి.